వర్డీ నది కాలువ గట్ల మీద మూడు రోజులు

శుక్రవారం

పొద్దున్నే ఏడింటికి అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనే మేముండే చాండ్లర్‌లో బయలుదేరాం, నేనూ నాన్నా. నాన్న దివిసీమ రైతు. కృష్ణా కాలువకు శివారు భూములు మావి. పైవాళ్ళందరి చేలూ తడిశాక మిగిలితేనే మాకు నీళ్ళు. అందుకే నాన్నకు ఏ ఊరు వెళ్ళినా ముందు కాలువ చూడాలనిపిస్తుంది. అమెరికా వచ్చి నెలైంది. గ్రాండ్ కాన్యన్ చూశారు, గుళ్ళు చూశారు, మాల్స్ చూసి విసిగిపోయారు. "ఈ ఎడారిలో మొదట ఎవరు సాగు చేశారో, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో అది చూపించమ్మా" అన్నారు. క్యాంప్ వర్డీ అనే ఊరు నేను ఎంచుకున్నది ఆ మాట విన్నాకే.

ఫీనిక్స్ నుంచి ఐ-17 హైవే మీద ఉత్తరంగా 90 మైళ్ళు. మొదటి గంటంతా రాళ్ళగుట్టలు, వాటి మీద తాటిచెట్టంత ఎత్తు సగువారో జెముడు మొక్కలు. రోడ్డు కొండ ఎక్కేకొద్దీ అవి పలచబడి, ఒక చోట ఇక కనిపించవు. ఆ తర్వాత పెద్ద దిగుడు. దిగుతుంటే కింద లోయంతా మట్టిరంగులో ఉంది, మధ్యలో మాత్రం ఎవరో పచ్చరంగు పూసినట్టు వంకర టింకరగా ఒక చార. "అదుగో ఏరు" అన్నారు నాన్న. అదే వర్డీ నది. అరిజోనాలో ఏడాది పొడవునా పారే నదులు తక్కువ, వాటిలో ఇదొకటి. ఈ నీళ్ళే దక్షిణానికి పారి, రెండు డ్యాములు దాటి, సాల్ట్ నదిలో కలిసి ఫీనిక్స్ చుట్టుపక్కల ఊళ్ళకు చేరతాయి. మా ఇంటి కుళాయిలో వచ్చే నీళ్ళలో ఈ నది వాటా కూడా ఉంది.

ఊళ్ళోకి రాగానే ముందు ఫోర్ట్ వర్డీకి వెళ్ళాం. కారు దిగి నాన్న నాలుగు పక్కలా చూసి "కోట గోడ ఏదమ్మా?" అన్నారు. కొండపల్లి, గోల్కొండ చూసిన మనకు కోట అంటే గోడ, బురుజు, తలుపులకు ఇనుప మేకులు. ఇక్కడ అవేమీ లేవు. పెద్ద ఖాళీ మైదానం, దాని అంచున వరసగా తెల్లటి అధికారుల ఇళ్ళు. ఈ కోటకు ఎప్పుడూ గోడ కట్టలేదట. దీని మీద ఎవరూ దాడి కూడా చేయలేదు. ఒకప్పుడు మైదానం చుట్టూ 20 పైచిలుకు కట్టడాలు ఉండేవి. సైన్యం 1891లో వదిలేసి వెళ్ళిపోయింది, 1899లో కట్టడాలను వేలం వేశారు. కొన్నవాళ్ళలో చాలామంది కలప, తలుపులు ఊడదీసి పట్టుకుపోయారు. ఇప్పుడు మిగిలినవి నాలుగు: కార్యాలయం, కమాండర్ ఇల్లు, పెళ్ళికాని అధికారుల ఇల్లు, డాక్టరు ఇల్లు. 1970 నుంచి రాష్ట్ర ప్రభుత్వం దీన్ని చారిత్రక పార్కుగా చూసుకుంటోంది.

కోట మొదట ఇక్కడ లేదు, పేరు కూడా ఇది కాదు. 1866 ప్రాంతంలో ఏటి దగ్గరి పల్లంలో క్యాంప్ లింకన్ అని పెట్టారు. దేశమంతా లింకన్ పేరు మీద చోట్లు ఎక్కువైపోయి, 1868లో క్యాంప్ వర్డీ అని మార్చారు. 1871లో అసలు చోటే మార్చి ఈ మెరక మీదికి తెచ్చారు. కారణం చలిజ్వరం. ఏటి ఒడ్డున సిపాయిలు వరసగా మంచాన పడ్డారు. పల్లంలో గాలి చెడ్డదనీ, మెరక మీదికి పోతే తగ్గుతుందనీ ఆ కాలపు డాక్టర్ల నమ్మకం. చోటు మార్చిన 26 ఏళ్ళకు, 1897 ఆగస్టులో, మన సికింద్రాబాద్‌లో ఒక సైనిక డాక్టరు, రోనాల్డ్ రాస్, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. డాక్టరు ఇంట్లో ఆ కాలపు మందుల పెట్టె ముందు నిలబడి ఈ సంగతి చెబితే నాన్నకు ఎంత సంతోషమో! ఎక్కడి దండు జ్వరానికో మన దండు ఊళ్ళో జవాబు దొరికింది మరి.

మ్యూజియంలో తుపాకులు, జీన్లు, యూనిఫాంలు ఉన్నాయి. పిల్లలు వాటి దగ్గరే గుమిగూడారు. నాన్న మాత్రం గుర్రాల దగ్గర ఆగిపోయారు. "ఇన్ని గుర్రాలకు దాణా ఎక్కణ్ణుంచి వచ్చేది?" ఈ ఊరి కథకు ఆ ప్రశ్నే తాళంచెవి అని నాకు అనిపించింది. సైన్యానికి గుర్రాలు, కంచర గాడిదలు కావాలి. వాటికి బార్లీ కావాలి, ఎండుగడ్డి కావాలి. దూరం నుంచి బండ్ల మీద తెప్పిస్తే గింజ ఖరీదు కన్నా కిరాయి ఎక్కువ. పక్కనే పండించేవాళ్ళుంటే కొనేది సైన్యమే, రొక్కం ఇచ్చేదీ సైన్యమే. రైతులను కాపాడ్డానికి కోట వచ్చింది. వచ్చాక, కోట ఖర్చు మీద ఊరు పెరిగింది.

రాత్రి మోటెల్లో పులిహోర, పెరుగన్నం తిని పడుకున్నాం.

శనివారం

ఇక్కడ కోట కన్నా ఊరు ముందు. ఆ మొదటి ఊరి చోటు చూడ్డానికి పొద్దున్నే వెస్ట్ క్లియర్ క్రీక్ వైపు వెళ్ళాం. ఇప్పటి ఊరికి ఆగ్నేయంగా ఐదారు మైళ్ళు. కొండల్లోంచి వచ్చే ఆ వాగు వర్డీ నదిలో కలిసే చోట 1865లో మొదటి సాగుదారులు దిగారు.

అప్పటి సంగతి కొంచెం చెప్పాలి. 1863లో ఇక్కడికి పడమటి కొండల్లో బంగారం దొరికింది. గనుల వాళ్ళు వచ్చిపడ్డారు, ప్రెస్కాట్ అనే ఊరు లేచింది, దాని పక్కనే ఫోర్ట్ విప్పిల్ అనే దండు. ఇంతమందికీ తిండి గింజలు దూరం నుంచి రావాల్సిందే. ధరలు మండిపోయేవి. 1865 జనవరిలో జేమ్స్ స్వెట్నమ్ అనే అతనూ మరికొందరూ ప్రెస్కాట్ నుంచి కొండలు దిగి ఈ లోయ చూసి వెళ్ళారు. నల్లటి ఒండ్రు, పారే నీళ్ళు. ఫిబ్రవరి కల్లా సరంజామాతో తిరిగి వచ్చారు. అందరూ కలిసి ఇరవై మంది కూడా లేరు. వాగు ఒడ్డున ఎప్పటిదో కూలిపోయిన ఒక రాతి కట్టడం ఉంటే, ఆ రాళ్ళే ఏరుకుని తమ చుట్టూ గోడ పేర్చుకున్నారు. కాలువ తవ్వారు. బార్లీ, మొక్కజొన్న, కూరగాయలు వేశారు.

నాన్న లెక్క కట్టారు: "మన బెజవాడ ఆనకట్ట 1855లో అయింది. అంటే అది కట్టిన పదేళ్ళకు." అక్కడ ప్రభుత్వం రాతితో ఆనకట్ట కట్టి డెల్టా అంతటికీ కాలువలు తీయించింది. ఇక్కడ ఇరవై మంది లోపు మనుషులు పారలతో ఒక బోదె తవ్వుకున్నారు. దేని గొప్ప దానిదే. కానీ నీళ్ళు మళ్ళించగానే ఊరు పుట్టింది అనేది రెండు చోట్లా ఒకటే.

ఖాళీ నేల చూసి దిగారని పాత రాతల్లో ఉంటుంది. ఆ నేల ఖాళీ కాదు. యావపాయ్ ప్రజలు, దిల్జే అపాచీలు ఈ లోయలో తరతరాలుగా ఉన్నారు. వేసవిలో ఒక చోట, చలికాలంలో ఒక చోట ఉంటూ కిత్తనార జాతి మొక్క దుంపలు కాల్చుకుని, మెస్కీట్ చెట్టు కాయలు దంచుకుని, తేమ ఉన్న చోట మొక్కజొన్న వేసుకుని బతికేవారు. గనులు వచ్చాక వేట జంతువులు తగ్గాయి. ఏటి ఒడ్డు చేతులు మారింది. ఆకలి వేసింది. పశువులను తోలుకుపోయారు, చేలో పంట కోసుకుపోయారు. ఊరివాళ్ళు తుపాకులు పట్టారు. పంట రాత్రిళ్ళు పోతోంది, కాపలాకు సిపాయిలను పంపండి అని ఫోర్ట్ విప్పిల్‌కు మొర పెట్టుకున్నారు. 1865 ఆగస్టు చివర్లో ఒక చిన్న దళం వచ్చింది.

ఆ చలికాలంలో అరిజోనా వాలంటీర్లు అనే దళాలు కూడా ఇక్కడికి వచ్చాయి. అమెరికా అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది, దూరపు సరిహద్దులో సైన్యం తక్కువ. ఆ వాలంటీర్లలో ఎక్కువమంది సరిహద్దుకు దక్షిణాన సొనోరా నుంచి వచ్చిన మెక్సికన్లు. వాళ్ళకు సరైన బూట్లు లేవు, బట్టలు లేవు, తిండి కూడా చాలలేదు, జీతాలు అందలేదు. అలాగే కొండలెక్కి పోరాడి, గడువు తీరగానే 1866లో వెళ్ళిపోయారు. కోటలోని గాజు పెట్టెల్లో కమాండర్ల ఫోటోలు చూసినంతసేపు, బూట్లు లేకుండా ఈ రాళ్ళ మీద నడిచినవాళ్ళ గురించి కూడా జనం ఆలోచిస్తే బాగుండునని నా కోరిక.

వాగు ఒడ్డున సైకమోర్ చెట్ల కింద చాలాసేపు కూర్చున్నాం. నీళ్ళు చల్లగా, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. దగ్గర్లోనే తెల్లటి సున్నపురాతితో కట్టిన చిన్న చర్చి ఉంది, 1900 ప్రాంతం నాటిది. పక్కనే పాత సమాధులు. ఆ తరాల వాళ్ళు అక్కడే నిద్రపోతున్నారు.

మధ్యాహ్నమంతా కాలువలే. నాన్న ఎదురుచూసింది దీని కోసమే. క్యాంప్ వర్డీ చుట్టూ ఇప్పటికీ నాలుగైదు పాత కాలువలు పారుతున్నాయి: వర్డీ డిచ్, యురేకా డిచ్, వుడ్స్ డిచ్, డైమండ్ ఎస్, ఓకే డిచ్. వాటిలో పొడవైనది వర్డీ డిచ్, సుమారు 17 మైళ్ళు. ఒక చేను పక్కన గట్టు మీద నడిచాం. మా ఊరి పంట కాలువ అంత వెడల్పు కూడా లేదు, ఒక దూకు దూకితే అవతల ఉంటాం. గట్టున కాటన్‌వుడ్ చెట్లు, వాటి దూది గాల్లో ఎగురుతోంది. పిల్ల కాలువలకు చిన్న చిన్న ఇనుప షట్టర్లు. నాన్న వంగి ఒక షట్టర్ పిడి పట్టుకు చూసి, తిప్పకుండానే వదిలేశారు. పరాయి వాడి వంతు నీళ్ళ మీద చెయ్యి వేయకూడదు కదా.

గట్టు మీద ఒక పెద్దాయన కలిశారు. మేము ఎక్కడివాళ్ళమో అడిగి, నాన్న రైతని తెలిశాక ఇక వదల్లేదు. నేను మధ్యలో తర్జుమా చేస్తూ నిలబడ్డాను. నదికి అడ్డంగా రాళ్ళు, ఇసుక ఎగదోసి మట్టికట్ట వేసి నీళ్ళు మళ్ళిస్తారట. వరద వస్తే కట్ట కొట్టుకుపోతుంది, మళ్ళీ వేస్తారు. మొదటినుంచీ అదే పద్ధతి. వాటాల ప్రకారం వంతులు. వంతులు చూడ్డానికి, పూడిక తీయించడానికి ఒక మనిషి ఉంటాడు, డిచ్ బాస్ అంటారు.

"మన లస్కరన్నమాట!" అన్నారు నాన్న.

లస్కర్ అంటే అసలు అర్థం సిపాయి, దండు. సైన్యం మాట మన ఊళ్ళో కాలువ మనిషికి పేరైంది. దండు పక్కన పుట్టిన ఊళ్ళో కాలువ గట్టు మీద ఆ మాట వినపడటం నాకు చాలా నచ్చింది.

పెద్దాయన ఇంకొకటి చెప్పారు. వర్డీ డిచ్ నీళ్ళ కోసం రైతుల మధ్య తగాదా వచ్చి, కోర్టుకు వెళ్ళి, 1909లో తీర్పు వచ్చింది. ఎవరికి ఎంత నీరు, ఏ భూమికి ఏ హక్కు అన్నది ఆ తీర్పులో ఉంది. ఆ కాలువ నిర్వహణ ఇప్పటికీ కోర్టు పర్యవేక్షణలోనే, కమిషనర్ల చేతుల మీదుగా నడుస్తుంది. నాన్న తల ఊపుతూ విన్నారు. మా దగ్గర ఎగువ రైతులకూ శివారు రైతులకూ జరిగే గొడవలు ఆయన కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. "శివారు వాళ్ళకు అందుతుందా అని అడుగు" అన్నారు. అడిగాను. వేసవిలో కష్టమే అన్నారు ఆయన. ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు.

పక్క చేలో ఏముందని చూస్తే మోకాలెత్తు పచ్చగా బార్లీ. ఒకప్పుడు ఇక్కడంతా అల్ఫాల్ఫా గడ్డి, మొక్కజొన్న. అవి మండు వేసవిలో, నది బాగా తగ్గినప్పుడు నీళ్ళు అడుగుతాయి. 2016 ప్రాంతం నుంచి ప్రకృతి సంరక్షణ సంస్థ ఒకటి రైతులతో మాట్లాడి బార్లీ వేయించడం మొదలుపెట్టింది. బార్లీ వసంతంలోనే నీళ్ళు తాగేసి జూన్ కల్లా కోతకు వస్తుంది. వేసవి నీళ్ళు నదిలో మిగులుతాయి. ఆ గింజను మాల్ట్ చేసి, అంటే మొలకెత్తించి ఆరబెట్టి, బీరు తయారీకి వాడతారు. 1865లో గోడ చాటున కాపలా కాసుకుంటూ వేసిన పంటే, 150 ఏళ్ళ తర్వాత నదిని బతికించడానికి మళ్ళీ వేస్తున్నారు. నాన్న ఒక వెన్ను పట్టుకు చూసి, "ఇంకా పాలు పట్టలేదు, రెండు వారాలు పడుతుంది" అన్నారు.

రాత్రి గదిలో నాన్నకు మిగతా చరిత్ర చదివి వినిపించాను. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా భారంగా అనిపించింది అదే.

1871లో నదికి రెండు పక్కలా పదేసి మైళ్ళు యావపాయ్, అపాచీ ప్రజలకు రిజర్వేషన్‌గా, అంటే వాళ్ళు ఉండటానికి ప్రభుత్వం గిరి గీసిన నేలగా, కేటాయించారు. కానీ యుద్ధం ఆగలేదు. జనరల్ జార్జ్ క్రూక్ 1872-73 చలికాలమంతా వాళ్ళను కొండల్లో తరిమాడు. 1873 ఏప్రిల్ 6న చాలిపున్ అనే నాయకుడు తన వాళ్ళతో వచ్చి క్యాంప్ వర్డీలో లొంగిపోయాడు. మేము నిన్న చూసిన కోట అదే. తర్వాత వాళ్ళను కోటకు ఎగువన 16 మైళ్ళ దూరంలో, ఇప్పటి కాటన్‌వుడ్ ఊరి దగ్గర, నది ఒడ్డున ఉంచారు. అక్కడ మొదటి ఏడాది జ్వరాలతో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు వాల్టర్ షైలర్ అనే యువ సైనికాధికారి ఆధ్వర్యంలో కాలువ తవ్వడం మొదలుపెట్టారు. పనిముట్లు సైన్యం పనికిరావని పక్కన పడేసిన పారలు, పలుగులు. వాటితో ఐదు మైళ్ళ కాలువ తవ్వారు. 50 ఎకరాలకు పైగా పుచ్చకాయలు, కూరగాయలు వేశారు. నీళ్ళు పైకి తోడటానికి పాత పెట్టెల చెక్కలతో ఒక చక్రం కూడా కట్టారు, దానికి అయిన ఖర్చు 36 డాలర్లు.

పంట పండింది. అదే వాళ్ళకు ముప్పయింది. రిజర్వేషన్లకు మాంసం, పిండి సరఫరా చేసే కాంట్రాక్టర్లు కొందరు టూసాన్‌లో ఉండేవారు. వీళ్ళు సొంతంగా పండించుకుంటే వాళ్ళకు వ్యాపారం ఏముంటుంది? పైన ఒత్తిడి తెచ్చారని అప్పటి సైనికాధికారులే రాసిపెట్టారు. వీళ్ళందరినీ ఆగ్నేయంగా దూరాన ఉన్న శాన్ కార్లోస్ రిజర్వేషన్‌కు తరలించమని వాషింగ్టన్ నుంచి ఆదేశం వచ్చింది.

1875 ఫిబ్రవరి 27న సుమారు 1,400 మందిని నడిపించారు. 180 మైళ్ళు. వెంట లెఫ్టినెంట్ ఈటన్, పదిహేను మంది గుర్రపు సిపాయిలు. బండ్ల రోడ్డు ఉన్నా, దగ్గర దారని కొండల మీదుగా తీసుకెళ్ళారు. చలి, పొంగే వాగులు, చాలని తిండి. వంద మందికి పైగా చనిపోయారు. వెంట వెళ్ళిన డాక్టరు విలియం కార్బూసియర్ ఒక సంగతి రాశాడు: ఒక ముసలాయన, నడవలేని తన భార్యను బుట్టలో కూర్చోబెట్టుకుని, ఆ బుట్టను వీపున మోసుకుంటూ నడిచాడు.

ఇక్కడ నాన్న చెయ్యెత్తి నన్ను ఆపారు. ఆయన 1977 ఉప్పెన చూసినవారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, "ఫిబ్రవరి అన్నావా?" అన్నారు.

"అవును నాన్నా, 27."

"అంటే దుక్కి దున్ని విత్తనాలు వేసుకునే ముందు. కాలువ తవ్వించి, విత్తే వేళకు లేపేశారు."

ఇన్ని సార్లు చదివి కూడా నాకు తట్టని మాట అది.

ఆ ఏప్రిల్‌లోనే రిజర్వేషన్ రద్దు చేశారు. లోయ పైభాగమంతా కొత్త సాగుదార్లకు తెరిచారు. ఊళ్ళు గబగబా పెరిగాయి.

ఆదివారం

పొద్దున్నే మాంటెజుమా వెల్. పేరు చూసి మోసపోకూడదు, మెక్సికోను ఏలిన మాంటెజుమా అనే అజ్టెక్ రాజుకూ దీనికీ సంబంధం లేదు. వచ్చిన సాగుదార్లు పెట్టిన పేరు. ఎడారి మధ్య, గుట్ట నెత్తి మీద ఒక పెద్ద గుండ్రటి కోనేరు. రోజుకు సుమారు 15 లక్షల గ్యాలన్ల నీళ్ళు అడుగునుంచి ఊరుతూనే ఉంటాయి. కరువొచ్చినా అంతే, వానొచ్చినా అంతే. వేల ఏళ్ళ కిందట ఉత్తరాన కొండల మీద కురిసిన వాన ఇప్పుడు ఇక్కడ పైకి వస్తోందట. యావపాయ్ ప్రజలకు ఇది పుట్టినచోటు. తమ మొదటి మనిషి ఈ నీళ్ళలోంచి పైకి వచ్చిందని వాళ్ళ కథ. అందుకే చెప్పులు విప్పాలనిపించింది. నాన్న విప్పేశారు కూడా.

కోనేటి నీళ్ళు ఒక బండ కింద నుంచి బయటికి వస్తాయి. వచ్చే చోట చెట్ల నీడలో రాతి పక్కగా ఒక కాలువ. అది సినాగ్వా అనే ప్రజలు తవ్వింది, వెయ్యేళ్ళ వయసు. వాళ్ళు 1400 తర్వాత ఈ లోయ వదిలి వెళ్ళారు, దగ్గర్లో కొండ గోడలో కట్టిన ఐదంతస్తుల ఇల్లు మాత్రం అలాగే ఉంది. కోనేటి నీళ్ళలో సున్నం ఎక్కువ, పారిన చోటల్లా పేరుకుని గట్టిపడుతుంది. కొంచెం దూరంలో రోడ్డు పక్కన పాత కాలువ ముక్క ఒకటి అచ్చంగా రాయైపోయి ఉంది. నాన్న దాని అంచు తడిమి, "సిమెంటు లైనింగ్ కన్నా నయం" అన్నారు. పక్క ఊరి పొలాలకు కోనేటి నీళ్ళు ఇప్పటికీ కాలువ మీదే వెళ్తాయి.

అంటే 1865లో వచ్చినవాళ్ళు మొదటి రైతులు కాదు. మొదటి కాలువా వాళ్ళది కాదు. వాళ్ళు గోడ పేర్చుకున్న రాళ్ళు కూడా అంతకు ముందు రైతుల ఇంటివే. కోట దగ్గర బోర్డులు చదివినప్పుడు ఊరి కథ ఒక తేదీతో మొదలవుతుంది. కాలువ గట్టు మీద నడిస్తే ఆ తేదీ వెనక్కి, ఇంకా వెనక్కి పోతూనే ఉంటుంది.

మధ్యాహ్నం కాటన్‌వుడ్ వెళ్ళి నది ఒడ్డున కాసేపు ఆగాం. ఎక్కువ చూడ్డానికి ఏమీ లేదు, చెట్లు, నీళ్ళు, బాతులు. ఈ పక్కనే ఎక్కడో ఐదు మైళ్ళ కాలువ తవ్వారు. నాన్న ఒడ్డు మట్టి కొంచెం చేతిలోకి తీసుకుని నలిపి చూసి, "మంచి నేల" అని వదిలేశారు.

తిరిగి వస్తూ మిడిల్ వర్డీ మీదుగా వచ్చాం. శాన్ కార్లోస్ నుంచి వదిలాక, 1900 ప్రాంతంలో ఆ జనంలో కొందరు కాలినడకన తిరిగి వచ్చారు. అప్పటికి భూములన్నీ ఇతరుల పేరున ఉన్నాయి. తమ తాతల లోయలో కూలిపనులు చేసుకున్నారు. 1910 ప్రాంతంలో 40 ఎకరాలు వాళ్ళకు దక్కాయి, తర్వాత మిడిల్ వర్డీలో మరికొంత. ఇప్పుడు వాళ్ళు యావపాయ్-అపాచీ నేషన్. వాళ్ళకు సొంత పొలాలున్నాయి, కాలువ నీళ్ళతో పండిస్తున్నారు. ఏటా ఫిబ్రవరి చివర్లో ఆ నడకను తలుచుకుంటూ ఎక్సోడస్ డే జరుపుకుంటారు. ఆ రోజుకు మళ్ళీ రావాలని నాన్న అన్నారు. వీసా గడువు గుర్తు చేయలేదు నేను.

సాయంత్రం ఆరున్నరకు హైవే పక్కన సన్‌సెట్ పాయింట్ అనే విశ్రాంతి చోటు దగ్గర కారు ఆపాం. మన దగ్గర పొద్దున ఏడు. నాన్న ఫోన్ తీసి ఊళ్ళో బాబాయికి చేశారు. ఇక్కడి సంగతులు ఏవో చెబుతారనుకున్నాను.

"ఒరే, కాలువ కట్టేశారా? పూడిక తీత మొదలుపెట్టారా? ... లేదా? వెళ్ళి డీఈ గారిని కలవండిరా, నలుగురు కలిసి వెళ్ళండి. శివారు దాకా తీయకపోతే మళ్ళీ జూన్‌లో మనమే ఏడవాలి."